టోనర్‌లో నూనె ఎందుకు తేలింది, క్రీమ్ ఎందుకు విడిపోయింది: ఎమల్సిఫైయర్‌కీ సాల్యుబిలైజర్‌కీ తేడా

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ. రోజ్ వాటర్ టోనర్‌లో లావెండర్ నూనె కలవాలని ఎమల్సిఫయింగ్ వ్యాక్స్ వేశారు. తెల్లటి తరకలు కట్టి పైకి తేలింది. బాదం నూనె క్రీమ్‌లో పాలిసార్బేట్ 20 వేశారు. తెల్లారేసరికి నూనె పైకి, నీళ్ళు కిందికి చేరాయి. రెండూ నూనెనీ నీళ్ళనీ కలిపేవే కదా, ఎందుకు పని చేయలేదు అన్నారు.

రెండు సరుకులూ మంచివే. వ్యాక్స్ ఎమల్సిఫైయర్, పాలిసార్బేట్ 20 సాల్యుబిలైజర్. ఒకదాని పని ఇంకోదానికి అప్పగించారు. ఇంట్లో క్రీములు చేసుకోవడం నేర్పే వీడియోల్లో ఈ రెండింటినీ ఒకే గాటన కట్టేసి చెబుతున్నారు. దానివల్ల ఎంతోమంది మంచి నూనెలు, మంచి రోజ్ వాటర్ పారబోసుకోవడం చూస్తున్నాను. అందుకే కాస్త పొడుగ్గా రాస్తున్నాను, ఓపిగ్గా చదవండి.

ఎమల్సిఫైయర్ అయినా, సాల్యుబిలైజర్ అయినా, అణువు కట్టుబడి ఒకే తీరు. నీటిని ఇష్టపడే తల ఒకటి, నూనెను ఇష్టపడే తోక ఒకటి. ఇలాంటి వాటన్నిటినీ కలిపి సర్ఫక్టెంట్లు అంటాం. సబ్బూ అదే, షాంపూలో నురగనిచ్చేదీ అదే, గుడ్డు పచ్చసొనలో ఉండే లెసిథిన్ కూడా అదే. నూనె, నీరు కలిసే హద్దు దగ్గర తల నీటిలో, తోక నూనెలో పెట్టి నిలబడటం వీటి స్వభావం. ఇంతవరకూ తేడా లేదు. తల ఎంత పెద్దది, తోక ఎంత పొడుగు, ఎంత పదార్థం వేశాం, ఎంత నూనెకి వేశాం అన్న దగ్గర దారులు చీలిపోతాయి.

ముందు క్రీమ్ సంగతి. క్రీమ్‌లో నూనె కరగదు. సన్నటి బిందువులుగా విరిగి నీటిలో చెల్లాచెదురుగా ఉంటుంది. ఇలాంటి మిశ్రమాన్నే ఎమల్షన్ అంటాం. మామూలు క్రీమ్‌లో ఒక్కో బిందువు 1 నుంచి 10 మైక్రాన్ల దాకా ఉంటుంది (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు). 20 మిల్లీలీటర్ల బాదం నూనెను 2 మైక్రాన్ల బిందువులుగా విరగ్గొడితే ఆ బిందువుల ఉపరితలం మొత్తం 60 చదరపు మీటర్లు, అంటే దాదాపు 650 చదరపు అడుగులు. చిన్న గిన్నెలో ఉన్న నూనెకి ఒక చిన్న ఫ్లాట్ నేలంత ఉపరితలం వచ్చిందన్నమాట. ప్రకృతికి ఇది ఇష్టం ఉండదు. బిందువులు మళ్ళీ కలిసి ఆ హద్దును తగ్గించుకోవాలనే చూస్తాయి. ఎమల్సిఫైయర్ అణువులు ఆ 650 చదరపు అడుగుల మీదా పరుచుకుని, రెండు బిందువులు ఢీకొన్నా కలిసిపోకుండా అడ్డుగా నిలుస్తాయి.

ఇక్కడ ఒక సంగతి మనసులో పెట్టుకోవాలి. ఎమల్షన్ విడిపోవడాన్ని మనం పూర్తిగా ఆపలేం, వాయిదా వేయగలం. వాయిదా రెండేళ్ళో మూడేళ్ళో ఉంటే దాన్ని నిలకడైన క్రీమ్ అంటాం. ఒక్క రాత్రే ఉంటే మీ క్రీమ్ అవుతుంది. మనందరికీ తెలిసిన ఎమల్షన్ పాలు. పచ్చిపాలు కదపకుండా ఉంచితే కొవ్వు బిందువులు పైకి చేరతాయి. కలియబెడితే మళ్ళీ మామూలు పాలే. కానీ పెరుగు చిలికినప్పుడు బిందువుల చుట్టూ ఉన్న పొర చిరిగి, కొవ్వంతా ఒకటై వెన్న ముద్ద అవుతుంది. ఇక ఎంత కలిపినా అది పెరుగులోకి తిరిగి వెళ్ళదు. క్రీములోనూ ఈ రెండు దశలే. పైన కాస్త చిక్కగా, కింద కాస్త పలుచగా కనిపిస్తే మొదటిది, ఉత్తినే కలిపి బాగు చేయవచ్చు. పైన తేటగా నూనె పొర కనిపిస్తే రెండోది, పొరలు చిరిగిపోయాయి.

బిందువు ఎంత వేగంగా పైకి లేస్తుందన్నది స్టోక్స్ సూత్రం చెబుతుంది. వేగం బిందువు వ్యాసార్థం వర్గాన్ని బట్టి పెరుగుతుంది, చుట్టూ ఉన్న ద్రవం చిక్కదనాన్ని బట్టి తగ్గుతుంది. బిందువు సైజు సగం చేస్తే వేగం నాలుగో వంతుకి పడిపోతుంది. నీటిని చిక్కబరిస్తే ఇంకా తగ్గుతుంది. మంచి బ్లెండర్‌తో తిప్పడం, నీటి భాగాన్ని చిక్కబరచడం అనే రెండు పనులూ ఇందుకే. చెంచాతో కలిపితే ఎంత మంచి ఎమల్సిఫైయర్ వేసినా బిందువులు లావుగానే ఉంటాయి.

ఇక సాల్యుబిలైజర్. నీటిలో సర్ఫక్టెంట్ ఒక గాఢత దాటితే అణువులు వాటంతట అవే గుంపులు కడతాయి. తోకలన్నీ లోపలికి, తలలన్నీ బయటికి. ఈ గుంపుల పేరు మైసెల్లు. ఒక్కో మైసెల్ సుమారు 5 నుంచి 10 నానోమీటర్లు (నానోమీటరు అంటే మైక్రాన్‌లో వెయ్యో వంతు), అంటే క్రీమ్‌లోని బిందువు కంటే కొన్ని వందల రెట్లు చిన్నది. లోపల తోకలతో నిండిన ఆ కొద్దిపాటి జాగాలో లావెండర్ నూనె అణువులు ఇమిడిపోతాయి. మన కంటికి కనిపించే వెలుగు తరంగాల పొడవు 400 నుంచి 700 నానోమీటర్లు. అంతకంటే ఎంతో చిన్న మైసెల్లు ఆ వెలుగును చెప్పుకోదగ్గంతగా చెదరగొట్టలేవు కాబట్టి టోనర్ తేటగా ఉంటుంది. క్రీమ్ తెల్లగా ఉండటానికి కారణం తెల్లటి పదార్థం వేయడం కాదు, మైక్రాన్ సైజు బిందువులు వెలుగును అన్ని వైపులా చెదరగొట్టడం. మధ్య సైజులో, 100 నానోమీటర్ల దగ్గర, ద్రవం నీలి ఛాయతో పొగమంచులా కనిపిస్తుంది. సీసాలో ఆ ఛాయ కనిపిస్తే సాల్యుబిలైజర్ సరిపోలేదని అర్థం.

అసలైన తేడా ఇదీ: మైసెల్‌లో ఇమిడిన నూనెకి బయటికి రావాలన్న ఒత్తిడి ఉండదు. పాళ్ళు సరిగ్గా కుదిరితే అది దాని సహజ స్థితి, వాయిదా కాదు. సరైన పాళ్ళున్న టోనర్ మిక్సీలో తిప్పకుండా చేత్తో కలిపినా తయారవుతుంది. అందుకు చెల్లించే మూల్యం మాత్రం ఎక్కువ. లోపలి జాగా బహు ఇరుకు గనుక ఒక పాలు సువాసన నూనెకి నాలుగు నుంచి పది పాళ్ళ దాకా సాల్యుబిలైజర్ కావాలి. ఎమల్షన్‌లో లెక్క తలకిందులు: 15, 20 పాళ్ళ నూనెకి అయిదారు పాళ్ళ ఎమల్సిఫయింగ్ వ్యాక్స్ చాలు.

ఇప్పుడు మీ క్రీమ్ చూడండి. అంత బాదం నూనెను పాలిసార్బేట్ 20తో మైసెల్లలోకి ఎక్కించాలంటే గిన్నెలో నీళ్ళకి చోటే మిగలదు. పోనీ బిందువుల చుట్టూ పొర కడుతుందా అంటే, దాని తల చాలా పెద్దది, నీటి వైపు లాగుడు ఎక్కువ. ఒక్కటే వేస్తే బిందువు మీద వదులుగా నిలబడుతుంది. నీళ్ళూ పలచగానే ఉన్నాయి. తెల్లవారేదాకా ఆగిందంటే బ్లెండర్ బాగా తిప్పినట్టే. టోనర్‌లో జరిగింది ఇంకోటి. ఎమల్సిఫయింగ్ వ్యాక్స్‌లో ఎక్కువ భాగం చల్లటి నీటిలో కరగని కొవ్వు ఆల్కహాల్. అది మైసెల్ కట్టదు. చల్లారగానే గట్టిపడి, దొరికిన నూనెను పట్టుకుని తరకలుగా పైకి వచ్చింది.

ఆ కొవ్వు ఆల్కహాల్ గురించి నాలుగు మాటలు చెప్పాలి. సిటోస్టియరిల్ ఆల్కహాల్ అంటే 16 కార్బన్ల సిటైల్, 18 కార్బన్ల స్టియరిల్ ఆల్కహాళ్ళ మిశ్రమం. పేరులో ఆల్కహాల్ ఉన్నా చర్మాన్ని ఆరబెట్టే స్పిరిట్ కాదు, మైనం లాంటి తెల్లటి పలుకులు. చాలామంది దీన్ని క్రీమ్ చిక్కబరిచే సరుకు అనుకుంటారు. క్రీమ్ నిలబడేది చాలావరకు దీని మీదే. వేడిగా కలిపిన మిశ్రమం చల్లారేటప్పుడు కొవ్వు ఆల్కహాలూ ఎమల్సిఫైయరూ కలిసి పొరలు పొరలుగా అమరతాయి. ఆ పొరల మధ్యలోకి నీళ్ళు చేరి పొరలు ఉబ్బుతాయి. బిందువులు కదలకుండా పట్టి ఉంచే వల అదే, క్రీమ్‌కి చేతిలో కనిపించే బిగువూ అదే. ఒక్క సిటైల్ ఆల్కహాల్‌తోనో, ఒక్క స్టియరిల్ ఆల్కహాల్‌తోనో చేస్తే రోజులు గడిచేకొద్దీ స్ఫటికాలుగా మారి వల చెదురుతుంది, క్రీమ్ పలచబడుతుంది. రెండూ కలిసి ఉంటేనే వల నిలుస్తుంది. ఆల్కహాల్ తక్కువ ధరకి దొరికిందని ఒక్క రకమే తెచ్చుకోకండి.

ఎమల్సిఫయింగ్ వ్యాక్స్ పేరుతో బజారులో దొరికేది ఒకే సరుకు కాదు. బ్రిటిష్ ఫార్మకోపియా (బ్రిటన్ మందుల ప్రమాణ గ్రంథం) రకంలో 9 పాళ్ళు సిటోస్టియరిల్ ఆల్కహాల్, 1 పాలు సోడియం లారిల్ సల్ఫేట్. అమెరికా ఎన్‌ఎఫ్ (నేషనల్ ఫార్ములరీ) రకంలో కొవ్వు ఆల్కహాల్‌తో పాటు పాలిసార్బేట్ తరహా పదార్థం. మొదటి దాంట్లో తలకి రుణావేశం ఉంటుంది, రెండో దాంట్లో ఉండదు. నిల్వ కోసమో, చర్మం కోసమో మీరు వేసే మిగతా సరుకులు ఏ రకంతో సర్దుకుంటాయో దీన్నిబట్టి మారిపోతుంది. సోడియం లారిల్ సల్ఫేట్ ఉన్న ఆక్వియస్ క్రీమ్ ఎగ్జిమా ఉన్నవారికి, ముఖ్యంగా పిల్లలకి, మంట కలిగించవచ్చని బ్రిటన్ ఔషధ నియంత్రణ సంస్థ 2013లో హెచ్చరించింది. ముఖానికి రాసి వదిలేసే క్రీమ్‌కి నేనైతే ఆ రకం వాడను. సంచి మీద కూర్పు రాయని దుకాణంలో కొనకండి.

ఏ ఎమల్సిఫైయర్ ఎక్కడ వాడాలో తేల్చడానికి బీ ఫార్మసీ పుస్తకాల్లో కనిపించేది హెచ్‌ఎల్‌బీ. అమెరికాలో అట్లాస్ పౌడర్ కంపెనీలో పనిచేసిన విలియం గ్రిఫిన్ 1949లో ప్రకటించిన కొలత ఇది. తలకీ తోకకీ ఉన్న బలాబలాలను 0 నుంచి 20 వరకు ఒక అంకెలో పెడుతుంది. స్పాన్, ట్వీన్ అన్న సర్ఫక్టెంట్ల పేర్లూ ఆ కంపెనీవే. ట్వీన్ 20 అంటే మీ పాలిసార్బేట్ 20. 3 నుంచి 6 మధ్య అంకె ఉంటే నూనెలో నీళ్ళు నిలిచే ఎమల్షన్, 8 నుంచి 16 మధ్య ఉంటే నీటిలో నూనె నిలిచే ఎమల్షన్, 15 నుంచి 18 మధ్య ఉంటే సాల్యుబిలైజర్. పాలిసార్బేట్ 20 అంకె 16.7. మీ క్రీమ్ సంగతి ఈ అంకె ఒక్కటే చెప్పేస్తుంది.

లెక్క ఎలా కడతారో ఒకసారి చూడండి. లిక్విడ్ పారాఫిన్‌ను నీటిలో నిలపడానికి కావలసిన అంకె సుమారు 12. చేతిలో ట్వీన్ 80, అంకె 15. స్పాన్ 80, అంకె 4.3. ట్వీన్ పాలు ఎంత కావాలంటే, 12 నుంచి 4.3 తీసివేస్తే 7.7, 15 నుంచి 4.3 తీసివేస్తే 10.7. మొదటిదాన్ని రెండోదానితో భాగిస్తే 0.72. ఎమల్సిఫైయర్ మొత్తంలో 72 పాళ్ళు ట్వీన్ 80, 28 పాళ్ళు స్పాన్ 80 అన్నమాట. ఒక పెద్ద తల, ఒక చిన్న తల పక్కపక్కన కూర్చుంటే సందు లేకుండా పొర పడుతుంది. జంటగా వాడితే గట్టిదనం రావడానికి కారణం అదే. అయితే హెచ్‌ఎల్‌బీ ఎంత వేయాలో చెప్పదు, క్రీమ్ ఎన్నాళ్ళు ఉంటుందో చెప్పదు, వేడికి ఏమవుతుందో చెప్పదు. దారి చూపుతుంది, అంతవరకే. అంకె కుదిరింది కాబట్టి క్రీమ్ నిలవాలి అని వాదించే విద్యార్థులు ల్యాబ్‌కి వస్తుంటారు. వాళ్ళని ముందు కొవ్వు ఆల్కహాల్ దగ్గరికి పంపుతాను.

తేనెమైనం ఎమల్సిఫైయర్ అని మీకు ఎవరో చెప్పారన్నారు. ఒంటరిగా కాదు. దానిలోని ఆమ్లాలు బోరాక్స్ లాంటి క్షారంతో కలిసి సబ్బుగా మారితేనే ఎమల్సిఫైయర్ పుడుతుంది. పాత కోల్డ్ క్రీములు అలా చేసినవే. మన ఇళ్ళల్లో స్నో అని పిలిచిన క్రీముల కిటుకూ ఇలాంటిదే. స్టియరిక్ ఆమ్లంలో కొంత భాగాన్ని పొటాషియం హైడ్రాక్సైడ్‌తోనో ట్రైఇథనాలమీన్‌తోనో సబ్బుగా మారుస్తారు, మిగిలిన ఆమ్లం సన్నటి స్ఫటికాలుగా మిగిలి ముత్యం లాంటి మెరుపునిస్తుంది. ఇలాంటి క్రీమ్‌లో నిమ్మరసమో, విటమిన్ సీ పొడో కలపండి, సబ్బు తిరిగి స్టియరిక్ ఆమ్లం అయిపోతుంది. ఎమల్సిఫైయరే లేకుండా పోయాక క్రీమ్ విరిగిపోక తప్పదు. ఆవేశం ఉన్న తలలన్నిటితోనూ ఈ జాగ్రత్త కావాలి. జుట్టు కండిషనర్లలో వాడే బెహెన్‌ట్రైమోనియం మెథోసల్ఫేట్‌కి ధనావేశం. దాన్ని సోడియం లారిల్ సల్ఫేట్ ఉన్న వ్యాక్స్‌తో కలిపితే రెండూ పట్టుకుని గడ్డకడతాయి.

ఇక మన ఎండలు. రెంటచింతల, ఖమ్మం, రామగుండం వైపు మే నెలలో 45 డిగ్రీలు మామూలే. మూసి ఉన్న కొరియర్ వ్యాన్‌లో ఇంకా ఎక్కువ. వేడి పెరిగితే కొవ్వు ఆల్కహాల్ వల మెత్తబడుతుంది, నీటి భాగం పలచబడుతుంది. పాలిసార్బేట్ల వంటి ఇథాక్సిలేట్ రకాలకి ఇంకో బలహీనత కూడా ఉంది. వాటి తల నీటితో హైడ్రోజన్ బంధాలు పెట్టుకుని నిలుస్తుంది. వేడికి ఆ బంధాలు తెగి తల నీటి మీద మోజు కోల్పోతుంది. ఒక ఉష్ణోగ్రత దగ్గర ఎమల్షన్ తిరగబడి నూనెలో నీరుగా మారిపోగలదు. ఈ ఉష్ణోగ్రతను జపాన్ రసాయన శాస్త్రవేత్త కోజో షినోడా 1960ల్లో వివరించారు. చక్కెర తలలున్న సిటియరిల్ గ్లూకోసైడ్ లాంటివి వేడికి ఇంతగా మారవు. వేసవిలో మన ఊళ్ళలో తిరగాల్సిన క్రీమ్‌కి నా ఓటు వాటికే, ధర కాస్త ఎక్కువైనా.

ఇప్పుడు చేయవలసింది. టోనర్‌కి నా మొదటి సలహా: అసలు లావెండర్ నూనె వేయకండి. ఆవిరి పట్టి తీసిన అసలైన రోజ్ వాటర్‌లో గులాబీ సువాసన తనంతట కరగగలిగినంత కరిగే ఉంటుంది. లావెండర్‌లోని లినలూల్ గాలి తగిలి ఆక్సీకరణ చెందితే కొందరికి అలర్జీ తెస్తుంది. వేసి తీరాలంటే 100 గ్రాములకి 0.2 గ్రాముల నూనె, 1 గ్రాము పాలిసార్బేట్ 20 చాలు. ముందు ఆ రెండింటినీ పొడి గిన్నెలో బాగా కలపండి. తర్వాత 2 గ్రాముల గ్లిజరిన్, 1 గ్రాము నిల్వకారి (ప్రిజర్వేటివ్), ఆపైన రోజ్ వాటర్ కొద్దికొద్దిగా పోస్తూ కలుపుతూ 100కి తీసుకురండి. నీళ్ళలో నూనె వేసి ఆ తర్వాత పాలిసార్బేట్ పోసే పద్ధతి వద్దు. అలా చేస్తే అదే పాళ్ళలో కూడా మబ్బు పడుతుంది. సీసా వెనక అచ్చు కాగితం పెట్టి చూడండి. అక్షరాలు స్పష్టంగా కనబడాలి. ఒక రోజు ఫ్రిజ్‌లో, ఒక రోజు బయట పెట్టి మళ్ళీ చూడండి. మబ్బు వస్తే పాలిసార్బేట్ కొద్దిగా పెంచండి. మరీ పెంచితే ముఖం జిడ్డుగా, నురగగా ఉంటుంది. అప్పుడు తగ్గించాల్సింది నూనెనే.

క్రీమ్‌కి 100 గ్రాముల లెక్క: బాదం నూనె 15, పాలిసార్బేట్ తరహా ఎమల్సిఫయింగ్ వ్యాక్స్ 5, సిటోస్టియరిల్ ఆల్కహాల్ 2, గ్లిజరిన్ 4, నిల్వకారి 1, నీళ్ళు 73. నూనె, వ్యాక్స్, ఆల్కహాల్ ఒక గిన్నెలో. నీళ్ళు, గ్లిజరిన్ ఇంకో గిన్నెలో. రెండూ 70 నుంచి 75 డిగ్రీలకి వచ్చాక కలపండి. ఒకటి వేడిగా, ఒకటి చల్లగా ఉంటే వ్యాక్స్ అక్కడికక్కడే గడ్డకట్టి పలుకులు తేలుతుంది. నీళ్ళ గిన్నెను వేడి చేసే ముందు, చేసిన తర్వాత తూచి, ఆవిరైపోయినంత మళ్ళీ పోయండి. ఈ ఒక్క పని చేయకపోవడం వల్లే ప్రతిసారీ క్రీమ్ చిక్కదనం మారుతుంటుంది. స్టిక్ బ్లెండర్ తల మునిగేలా పెట్టి, గాలి లోపలికి లాగకుండా రెండు మూడు నిమిషాలు తిప్పండి. తర్వాత చల్లారేదాకా గరిటెతో మెల్లగా కలుపుతూ ఉండాలి. పొరల వల కట్టేది అప్పుడే. 40 డిగ్రీల కిందికి వచ్చాక నిల్వకారి. చేసిన రోజు పలచగా అనిపించినా కంగారుపడి వ్యాక్స్ పెంచకండి, రెండు మూడు రోజుల్లో బిగుస్తుంది.

నిల్వకారి అన్నాను కదా, అది తప్పనిసరి. నీళ్ళున్న ఏ టోనర్‌లోనైనా, ఏ క్రీమ్‌లోనైనా బూజు, బాక్టీరియా పెరుగుతాయి. విటమిన్ ఈ వేస్తే నూనె ముక్కిపోకుండా ఆపుతుంది, బాక్టీరియాను ఆపదు. ఫినాక్సీ ఇథనాల్ అనే నిల్వకారి వాడితే 1 శాతం దాటకూడదు. పారాబెన్లు అనే రకం నిల్వకారులు వాడేవాళ్ళకి ఒక హెచ్చరిక. పాలిసార్బేట్ మైసెల్లు పారాబెన్లను తమలోకి లాగేసుకుంటాయి. లోపల దాక్కున్న పారాబెన్ నీటిలో ఉన్న బాక్టీరియాను ఏమీ చేయలేదు. సాల్యుబిలైజర్‌ను అవసరానికి మించి పోయవద్దనడానికి ఇది ఇంకో కారణం.

క్రీమ్ ఏ రకమో తెలియాలంటే ఒక చుక్క నీళ్ళ గ్లాసులో వేయండి. పాలలా విరబూస్తే నీటిలో నూనె. ముద్దగా తేలితే నూనెలో నీరు. నిలుస్తుందో లేదో తేల్చడానికి మా ల్యాబ్‌లో 45 డిగ్రీల అవెన్‌లో వారాల తరబడి ఉంచుతాం, గడ్డకట్టించి కరిగిస్తాం, సెంట్రిఫ్యూజ్‌లో తిప్పుతాం. ఇంట్లో ఒక చిన్న సీసాను రాత్రి ఫ్రీజర్‌లో, పగలు బయట పెట్టి, ఇలా కొన్ని విడతలు చేసి చూడండి. తేటగా నూనె కారితే ఆ పాళ్ళు మార్చాల్సిందే. అమ్మే ఆలోచన ఉంటే మాత్రం ఇవేవీ చాలవు. 2020 నాటి కాస్మెటిక్స్ రూల్స్ ప్రకారం తయారీ లైసెన్స్ కావాలి, అది రాష్ట్ర ఔషధ నియంత్రణ అధికారుల దగ్గర తీసుకోవాలి.

తరకలు కట్టిన టోనర్ వడకట్టి వాడకండి. నూనె ఎంత మిగిలిందో, నిల్వకారి ఎటు పోయిందో తెలియదు. విడిపోయిన క్రీమ్ నిన్నా మొన్నటిదే అయితే, తూచి, ఆ బరువుకి 5 శాతం వ్యాక్స్, 2 శాతం సిటోస్టియరిల్ ఆల్కహాల్ చేర్చి, 70 డిగ్రీలకి తెచ్చి మళ్ళీ తిప్పితే నిలబడే అవకాశం ఉంది. చల్లారాక నిల్వకారి వేయాలి, అదీ మొదటిసారి వేయకపోయి ఉంటేనే. వారం దాటినదైతే పారేయండి. మీ వ్యాక్స్ సంచి మీద కూర్పు ఏమని రాసి ఉందో ఇక్కడ రాస్తే, పైన చెప్పిన పాళ్ళు దానికి తగ్గట్టు సవరించి చెబుతాను.